మా బాబు మరీ సుకుమారం అయిపోయాడు, హాస్టల్లో వేస్తే గట్టిపడతాడా?

హైదరాబాద్ మియాపూర్ వైపు నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం వరకు చెప్తున్నాను.

ఆవిడకి 38 ఏళ్లు, ఇంటి దగ్గర్నుంచే ఒక కంపెనీకి అకౌంట్స్ చూస్తారు, భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక్కడే కొడుకు, 13 నిండాయి, ఎనిమిదో క్లాసు అయిపోయింది. అత్తగారి ఊరు దివిసీమలో కోడూరు వైపు. మొన్న వేసవి సెలవులకి వెళ్లినప్పుడు మామయ్యగారు బాబుని పిలిచి కొట్టుకెళ్లి కిలో ఉల్లిపాయలు పట్టుకురమ్మన్నారంట. దార్లో కుక్క వెంటపడితే సంచి అక్కడే పడేసి ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేశాడు. అదే వయసున్న తోటికోడలి కొడుకు వెళ్లి కుక్కని అదిలించి, సంచి తీసుకుని, ఉల్లిపాయలు కూడా తెచ్చేశాడు. అరుగు మీద కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు "వీడి వయసులో నేను ఉప్పెన చూశాను, శవాలు మోశాను, వీడు కుక్కకి ఏడుస్తున్నాడు, ఏం పెంచుతున్నారు మీరు" అన్నారు. భర్త అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు, తల దించుకుని తిన్నారు, కానీ తిరిగొచ్చేటప్పుడు కార్లో హైదరాబాద్ దాకా ఆవిణ్ణి అంటూనే ఉన్నారు, అంతా నీ గారాబమే అని.

దానికి ముందే ఇంకోటి జరిగింది. జనవరిలో స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌కి బాబు సెలెక్ట్ అవ్వలేదు, మూడు రోజులు స్కూల్‌కి వెళ్లనని మంచం దిగలేదు. చూడలేక ఈవిడ పీఈటీ సార్‌కి ఫోన్ చేసి బతిమాలితే ఎక్స్‌ట్రా ప్లేయర్‌గా పెట్టారు. అది క్లాసులో తెలిసిపోయి పిల్లలు "మమ్మీ కోటా" అని పిలవడం మొదలుపెట్టారు, వాడు టీమే మానేశాడు.

ఇప్పుడు తండ్రీ తాతా కలిసి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో తొమ్మిదో క్లాసుకి సీటు మాట్లాడేశారు, 25 వేలు అడ్వాన్స్ కూడా కట్టేశారు, జూన్‌లో చేర్చాలి. ఈవిడ కూడా ఇంటర్ రెండేళ్లు హాస్టల్లోనే చదివారు. ఆవిడ మాటల్లోనే చెప్తాను: "రోజూ బాత్రూంలో ట్యాప్ తిప్పి ఏడ్చేదాన్ని, ఆ సౌండ్‌లో ఎవరికీ వినపడదని. మరి అదే హాస్టల్ వల్ల ఇవాళ నేను ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నానేమో అని కూడా అనిపిస్తుంది. నిజంగా నేనే వాణ్ణి చెడగొట్టానా? మన పిల్లల్ని మనమే చేతగానివాళ్లుగా పెంచుతున్నామా? హాస్టల్‌కి ఒప్పుకోవాలా వద్దా? మొన్న రాత్రి మేం మాట్లాడుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాడు, నేను వేస్ట్ కదా మమ్మీ అన్నాడు."

అమ్మా, మీ ఉత్తరం మొత్తం చదివాక ముందుగా నాకు కనపడింది చెప్తాను. మీ మామయ్యగారు ఏమన్నారో ఉంది, మీవారు ఏమన్నారో ఉంది, క్లాసు పిల్లలు ఏమన్నారో కూడా ఉంది. బాబు ఏమనుకుంటున్నాడో మాత్రం ఆ చివరి వాక్యంలో తప్ప ఎక్కడా లేదు. హాస్టల్ గురించి వాణ్ణి ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? వాడు అలా అన్నప్పుడు మీరేం చెప్పారో కూడా రాయలేదు. ఇంకా ఏమీ చెప్పకపోతే ఈ సమాధానం పూర్తిగా చదవకముందే వెళ్లి చెప్పండి, "నువ్వు వేస్ట్ కాదు, నిన్ను వదిలించుకోవడానికి పంపించట్లేదు, నువ్వు లేకుండా నీ గురించి మాట్లాడుకోవడం మా తప్పు, ఇకమీద నీ ముందే మాట్లాడతాం" అని. మీవారు కూడా పక్కనుండి ఈ మాట చెప్తే ఇంకా మంచిది. ఎందుకంటే మీరు చివరికి ఏ నిర్ణయం తీసుకున్నా, "నేను పనికిరానని పంపేశారు" అనుకుంటూ వెళ్లిన పిల్లాడికి ఎంత మంచి హాస్టలైనా శిక్షే అవుతుంది, ఇంట్లో ఉంచుకున్నా సరే "నా వల్లే అమ్మానాన్నా గొడవపడ్డారు" అన్నది మనసులో ఉండిపోతుంది.

ఇక మీ పెద్ద ప్రశ్న, ఇప్పటి పిల్లలు పాతవాళ్లకంటే మెత్తనా అని. కొన్ని విషయాల్లో మీ మామయ్యగారు అన్నది కరెక్టే, దాన్ని దాచిపెట్టుకోవక్కర్లేదు. 13 ఏళ్ల పిల్లాడు ఒక్కడే కొట్టుకెళ్లి రాగలగాలి, రోడ్డు దాటగలగాలి, ఆకలేస్తే ఇంత అన్నం వండుకోగలగాలి, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో కూడా తలెత్తి మాట్లాడగలగాలి. సిటీలో చాలా ఇళ్లల్లో పిల్లలకి ఇవి రావట్లేదు. కానీ "మేం కష్టాలు పడ్డాం కాబట్టి గట్టిపడ్డాం, వీళ్లనీ కష్టపెడితే గట్టిపడతారు" అనే లెక్క ఉంది చూశారా, అది తప్పు, చాలా ఇళ్లల్లో పిల్లల్ని దెబ్బతీస్తున్నది ఆ లెక్కే.

మీ మామయ్యగారి సంగతే తీసుకుందాం. 1977 నవంబర్ 19, శనివారం, దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. మీరు రాసిన ఆయన వయసుని బట్టి అప్పుడు ఆయనకి 14 ఏళ్లుంటాయి. సముద్రం ఊళ్ల మీదకి వచ్చేసింది, పదివేల మందికి పైగా పోయారు, సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత రోజుల్లో శవాలు ఏరి దహనం చేసింది, పూడ్చింది ఊళ్లల్లో మిగిలినవాళ్లూ, బయట్నుంచి సాయానికొచ్చినవాళ్లూను. అందులో ఒక 14 ఏళ్ల పిల్లాడు కూడా చెయ్యి వేశాడంటే ఆయనకి నేను చేతులెత్తి దండం పెడతాను. మీ బాబుకి ఆ కథ తెలియాలి కూడా. కానీ ఆ కథలో ఆయన చెప్పని భాగం ఒకటి ఉంటుంది, దాన్ని అడగండి. ఆ తర్వాత ఎన్నాళ్లు నిద్రపట్టలేదు, ఆ వారం ఎవరి ఇంట్లో అన్నం తిన్నారు, ఏ పెద్దమనిషి భుజం మీద చెయ్యేసి పదరా అన్నాడు, ఇప్పటికీ వాయుగుండం అని టీవీలో చెప్తే లోపల ఏమవుతుంది. ఆయన నిలబడ్డారంటే ఆ అన్నం పెట్టినవాళ్ల వల్ల, ఆ భుజం మీద చెయ్యేసినవాళ్ల వల్ల, నువ్వు కూడా కావాలిరా అని పనిలోకి పిలిచినవాళ్ల వల్ల. ఉప్పెన ఎవర్నీ గట్టిపరచలేదు, అది తీసుకుపోవడానికే వచ్చింది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. ఎమ్మీ వెర్నర్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు, హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని, 698 మందిని, వాళ్లకి నలభై ఏళ్లు వచ్చేదాకా ఆవిడా ఆవిడ టీమూ గమనిస్తూ వచ్చారు. వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి పుట్టుకతోనే కష్టాలు మొదలు, పేదరికం, తాగే తండ్రి, ఇంట్లో రోజూ గొడవలు, కాన్పులో సమస్యలు, ఇలా ఒకటి కాదు నాలుగైదు కలిసొచ్చినవాళ్లు. కష్టమే మనిషిని గట్టిపరిచేదైతే వీళ్లందరూ ఉక్కుమనుషులు అవ్వాలి కదా. కానీ ఆ పిల్లల్లో మూడింట ఒక వంతు మంది మాత్రమే పెద్ద సమస్యలు లేకుండా నిలదొక్కుకుని ఎదిగారు, మిగతావాళ్లు చదువులోనో ప్రవర్తనలోనో మనసు ఆరోగ్యంలోనో టీనేజ్ దాటకముందే దెబ్బతిన్నారు, వాళ్లలో చాలామంది ముప్పై నలభైల్లో మళ్లీ కోలుకున్నారు అది వేరే సంగతి. ఆ నిలదొక్కుకున్నవాళ్ల దగ్గర ఏముందని చూస్తే, వాళ్లని నమ్మి అంటిపెట్టుకుని ఉన్న పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉన్నారు, తల్లో, అమ్మమ్మో, టీచరో, ఎవరో ఒకరు. రెండోది, చాలామందికి ఇంట్లో వాళ్లు చెయ్యకపోతే గడవని పని ఒకటి ఉంది, చిన్నవాళ్లని చూసుకోవడం లాంటిది.

ఇంకోటి కూడా ఆలోచించండి. మా రోజుల్లో పిల్లలు రాళ్లలా ఉండేవాళ్లు అని మనకి చెప్తున్నది ఆ రోజుల్లో బతికి బట్టకట్టినవాళ్లే. 1971లో మన దేశంలో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు, 2020కి అది 28కి తగ్గింది. బెత్తం దెబ్బలకి, తొడపాశానికి భయపడి మూడో క్లాసులో బడి మానేసి మళ్లీ ఎప్పుడూ పలక పట్టనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుని "మాకు దెబ్బలు మంచి చేశాయి" అని చెప్పరు.

అయితే పాత పెంపకంలో మనం నిజంగా పోగొట్టుకున్నదొకటి ఉంది, మీ మామయ్యగారి బాధ అసలు దాని గురించే అని నాకనిపిస్తుంది. అప్పటి పిల్లాడు ఇంటికి అవసరం. గేదెని తోలుకెళ్లాలి, పొలానికి అన్నం క్యారేజీ ఇచ్చి రావాలి, చెల్లెల్ని ఎత్తుకోవాలి. వాడు వెళ్లకపోతే నాన్న పస్తుంటాడు, అది వాడికి తెలుసు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా వాడెక్కడున్నాడో ఎవరూ చూడరు, కానీ ఊరంతా వాడు ఎవరి పిల్లాడో తెలిసినవాళ్లే. 1971 నాటికి మన దేశంలో ఒక్కో తల్లికి సగటున ఐదుగురికి పైనే పిల్లలు, మొన్న 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8. ఐదుగుర్ని ఒక తల్లి ఎంతని కాపలా కాస్తుంది? ఒక్కడుంటే తల్లీ తండ్రీ ఇద్దరు తాతలూ ఇద్దరు బామ్మలూ ఆరు జతల కళ్లు వాడి మీదే. ఇందులో మీ గారాబం ఒక్కటే కారణం అని మీవారు అనడం న్యాయం కాదు, ఆయన కూడా ఆ ఆరు జతల్లో ఒకరు.

మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పొద్దున్న ఏడున్నరకి ఒకసారి నిలబడి చూడండి. బస్సు గేటు ముందుకే వస్తుంది. బ్యాగు అమ్మ భుజానో నాన్న భుజానో ఉంటుంది, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు పిల్లాడికి తగిలిస్తారు. షూ లేసు ఊడితే వంగి కట్టేది పెద్దవాళ్లే, అప్పటికి పిల్లాడికి పదేళ్లు. వాటర్ బాటిల్ మర్చిపోతే లిఫ్ట్‌లో పైకి పరిగెత్తేది అమ్మే. ఆ పిల్లాడు ట్యూషన్‌లో లెక్కలు అద్భుతంగా చేస్తూ ఉండొచ్చు, కానీ పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా వాడు చెయ్యకపోతే ఆగిపోయే పని ఒక్కటీ లేదు, వాడే తేల్చుకోవాల్సిన విషయం కూడా ఒక్కటీ లేదు. వాడికి సుఖం ఎక్కువైందని అంటాం, నాకు మాత్రం వాడి చేతుల్లోంచి పని లాగేసుకున్నాం అనిపిస్తుంది. కష్టపడని పిల్లాడు మెత్తబడతాడనేది నేను ఒప్పుకోను, తన మీద ఎవరూ ఆధారపడని పిల్లాడికి మాత్రం తన మీద తనకే నమ్మకం కుదరదు.

ఇప్పుడు మీ బాబు విషయానికొస్తే, అక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. కుక్క భయం పిరికితనం కాదు. హైదరాబాద్‌లో పెరిగే పిల్లాడు కుక్కలంటే భయపడటంలో ఆశ్చర్యం ఏముంది, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని వీధికుక్కలు చంపేసిన వీడియో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది, తల్లులందరూ పిల్లలకి కుక్కల జోలికి వెళ్లకండి అని పదేపదే చెప్పి ఉంటారు, మీరూ చెప్పే ఉంటారు. తోటికోడలి కొడుక్కి ఆ కుక్క పుట్టినప్పటి నుంచీ తెలుసు, మీవాడికి ఆ కుక్కా కొత్తే, ఆ ఊరూ కొత్తే. ఆ పిల్లాడిని మియాపూర్ మెట్రో స్టేషన్లో టికెట్ తీసుకుని అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ వెళ్లమంటే వాడికీ చెమటలు పడతాయి. భయం ధైర్యం కంటే ముందు ఇందులో ఉన్నది అలవాటు. కుక్క ఎదురైతే పరిగెత్తకూడదు, కళ్లలోకి చూడకూడదు, మెల్లగా పక్కకి తప్పుకోవాలి, ఒకవేళ కరిస్తే వెంటనే పావుగంట సేపు సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద కడుక్కుని అదేరోజు టీకాకి వెళ్లాలి. ఇవి నేర్పి, మొదట్లో మీవారు పక్కన నడిచి, తర్వాత పది అడుగుల వెనక నడిచి, తర్వాత వీధి చివర నిలబడి పంపిస్తే వాడు వెళ్లగలడు. నవ్వితే మాత్రం ఆ సందులోకి మళ్లీ అడుగే పెట్టడు.

ఫుట్‌బాల్ సంగతి వేరు. అక్కడ మీకు కాస్త గట్టిగానే చెప్పాలి, ఏమనుకోకండి. మూడు రోజులు మంచం దిగకపోవడం పెద్ద సమస్య కాదు, అంత ఇష్టపడ్డది దక్కకపోతే ఏ పిల్లాడైనా ఏడుస్తాడు, ఏడవనివ్వాలి కూడా. నాలుగో రోజు వాడే లేచేవాడు. మీ ఫోన్ వల్ల వాడికి అందింది టీమ్‌లో చోటు మాత్రమే కాదు, "ఇది నువ్వు తట్టుకోలేవని అమ్మకి తెలుసు" అనే కబురు కూడా అందింది. ఆ తర్వాత వచ్చిన "మమ్మీ కోటా" అనే పేరు మొదటి ఓటమి కంటే పెద్ద దెబ్బ. ఇలాంటిది మళ్లీ తప్పకుండా వస్తుంది, అప్పుడు పక్కన కూర్చోండి, ఇష్టమైనది వండి పెట్టండి, బాగా ఏడవనివ్వండి, రెండో రోజు మాత్రం స్కూల్‌కి పంపండి. ఫోన్ ముట్టుకోకండి. సార్‌తో మాట్లాడాల్సి ఉంటే వాడే వెళ్లి "సార్, నేను ఎక్కడ వీక్‌గా ఉన్నాను, ఏం ప్రాక్టీస్ చెయ్యాలి" అని అడగాలి. ఏం అడగాలో ఇంట్లో మీతో ఒకసారి అనుకుని వెళ్తే చాలు.

ఇక హాస్టల్. పొద్దున్న అయిదున్నరకి బెల్లు, స్టడీ అవరు, టిఫిన్, క్లాసులు, మళ్లీ స్టడీ అవరు, రాత్రి పది దాకా పుస్తకం. మన దగ్గర రెసిడెన్షియల్ క్యాంపస్ అంటే ఎక్కువ చోట్ల ఇదే. కష్టం ఉంటుంది, నిజమే. కానీ మీ మామయ్యగారి బాల్యంలో ఉన్న ఆ రెండూ, చీకటి పడేదాకా తిరిగే స్వేచ్ఛా, నువ్వు లేకపోతే పని ఆగిపోతుందనే అవసరమూ, ఈ రెండూ అక్కడ ఉండవు. అన్నీ గంట కొడితేనే జరుగుతాయి, ఏం తినాలో ఎప్పుడు పడుకోవాలో వేరేవాళ్లే చెప్తారు. అందుకని "మా నాన్నలా గట్టిగా తయారవుతాడు" అని మీవారు పంపిస్తుంటే ఆయన అనుకున్నది అక్కడ దొరకదు. పల్లెటూరి పెంపకం కావాలంటే పల్లెటూరికే పంపించాలి.

అలాగని హాస్టల్ పూర్తిగా చెడ్డదని కూడా నేను అనను, మీ విషయమే చూడండి. బట్టలు ఉతుక్కోవడం, పదిమందితో ఒక గదిలో సర్దుకోవడం, డబ్బులు లెక్కగా వాడుకోవడం అక్కడ వస్తాయి, తోడుగా ఇద్దరు మంచి స్నేహితులు దొరికితే జీవితాంతం మిగిలిపోతారు. మీరు ఇవాళ ఒంటరిగా తిరగగలుగుతున్నారంటే హాస్టల్ కొంత కారణం అయ్యుండొచ్చు, కానీ ఏడుపు ఎవరికీ వినపడకుండా ట్యాప్ తిప్పుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నారు. కొడుకు మూడు రోజులు ఏడిస్తే తట్టుకోలేక ఫోన్ తీశారంటే అందులో ఆ పదహారేళ్ల అమ్మాయి కూడా ఉందేమో ఆలోచించండి.

మీ ముందున్న దారులు నాకు ఇలా కనపడుతున్నాయి. జూన్‌లో పంపించేస్తే మీవారితో, మామయ్యగారితో గొడవ అప్పటికి ఆగుతుంది, బాబు ముందుగా ఒప్పుకుని, కొంచెం ఇష్టంతో వెళ్తే ఒకటి రెండు నెలల్లో కుదురుకోవచ్చు కూడా. కానీ ఇప్పుడున్న మనసుతో, నేను వేస్ట్ అనుకుంటూ వెళ్తే ఆ వయసు పిల్లల గుంపులో వాడే అందరికీ అలుసైపోయే ప్రమాదం ఎక్కువ. పంపాలనే అనుకుంటే ముందు వాణ్ణి వెంటబెట్టుకుని మామూలు రోజున క్యాంపస్‌కి వెళ్లండి, ఓపెన్ డే రోజున కాదు. గదికి ఎంతమందో, రాత్రిపూట వార్డెన్ అదే ఫ్లోర్‌లో ఉంటాడో లేదో, ఒంట్లో బాలేకపోతే ఎవరు చూస్తారో, ఇంటికి ఫోన్ వారానికి ఎన్నిసార్లో, ఆ ఫోన్ పక్కన ఎవరూ లేకుండా మాట్లాడనిస్తారో లేదో అడగండి. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. ఎవరైనా "మేం కొంచెం స్ట్రిక్ట్ మేడమ్, ఒకటి రెండు దెబ్బలు మామూలే" అంటే అక్కడితో లేచి వచ్చేయండి, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. దసరా దాకా ఉండి చూడు, అప్పటికీ వద్దనిపిస్తే వచ్చేద్దాం అని వాడికి మాటిచ్చి, నిజంగానే ఆ మాట మీద నిలబడాలి.

రెండోది, హాస్టల్ మానేసి ఇప్పుడున్నట్టే ఉండటం. ఇది మీ మనసుకి అన్నిటికంటే హాయిగా ఉంటుంది, అందుకే జాగ్రత్త. ఇంట్లో ఏమీ మారకపోతే రెండేళ్ల తర్వాత ఇంటర్‌కి ఎలాగూ హాస్టల్ మాట వస్తుంది, అప్పుడు 15 ఏళ్ల పిల్లాడు ఇంతే భయంతో వెళ్తాడు. పైగా ఏడిస్తే నిర్ణయాలు మారిపోతాయని కూడా నేర్చుకుంటాడు.

మూడోది ఒక ఏడాది గడువు పెట్టుకుని ఇంట్లోనే ఉంచి, వాడి చేతికి నిజమైన పనులు ఇవ్వడం. నాకు మీ ఉత్తరం చదివితే ఎక్కువ మొగ్గు దీని వైపే ఉంది, కానీ ఇది అన్నిటికంటే కష్టం, ఆ కష్టం మీకు. నిజమైన పని అంటే వాడు చెయ్యకపోతే ఇంట్లో తేడా తెలియాలి. ఆదివారం కూరగాయలు వాడే తేవాలి, డబ్బులు వాడి చేతికే ఇచ్చి, ముదిరిపోయిన బెండకాయలు తెచ్చినా అవే వండుకుని తినాలి, మీరు మళ్లీ వెళ్లి మార్చుకురాకూడదు. రాత్రి కుక్కర్ పెట్టేది వాడైతే మర్చిపోయిన రోజు అందరూ అరటిపండు తిని పడుకోవాలి, ఎవరూ తిట్టకుండా. స్కూల్‌కి ముందు నెల మీవారితో కలిసి సిటీ బస్సులో, తర్వాత ఒక్కడే. మార్కులు ఒక పరీక్షలో తగ్గొచ్చు, మోచేతులు గీరుకుంటాయి, ఒకసారి తప్పు స్టాపులో దిగుతాడు, మీకు గుండె దడదడలాడుతుంది. మీవారు ఇందులో సగం బాధ్యత తీసుకోకపోతే మాత్రం ఇది నడవదు, కొడుకుని మగాడిలా పెంచాలని ఆయనకి ఉంటే వారానికి రెండు పొద్దులు వాడితో బస్సెక్కే టైమ్ కూడా ఆయన ఇవ్వాలి.

దీంతో పాటే కలిపి చెయ్యదగ్గది ఇంకోటి, ఈ సెలవుల్లో ఇంకా రోజులు ఉంటే వాణ్ణి మళ్లీ ఊరికి పంపడం, ఈసారి మీరు లేకుండా. నార్వేలో ఎల్లెన్ శాండ్‌సెటర్ అనే పరిశోధకురాలు పిల్లలు వాళ్లంతట వాళ్లు వెతుక్కునే ప్రమాదపు ఆటల్ని గమనించి రాశారు, ఎత్తులు ఎక్కడం, వేగంగా వెళ్లడం, పదునైన పనిముట్లు పట్టుకోవడం, నీళ్లూ నిప్పుల దగ్గర తిరగడం, కలబడటం, తప్పిపోయేంత దూరం వెళ్లడం. ఇలాంటి ఆటల్లోనే పిల్లలు భయాన్ని కొంచెం కొంచెంగా జయిస్తారని ఆవిడ వాదన. దివిసీమలో వేసవిలో ఇవన్నీ ఫ్రీగా దొరుకుతాయి కదా. ముంజకాయ ఎలా కొట్టాలో తాతే కత్తి పట్టించి నేర్పొచ్చు. ఈత రాకపోతే కాలువలో దిగడం మాత్రం నేర్పే పెద్దవాళ్లు పక్కన ఉంటేనే, ఇందులో రాజీ వద్దు. తోటికోడలి కొడుకు బండి నడుపుతాడని రాశారు, 13 ఏళ్లకి బండి ఇవ్వడం ధైర్యం కాదు, చట్టానికీ విరుద్ధం, మీవాడికి కూడా వద్దని ముందే చెప్పేయండి.

మామయ్యగారితో ఏం మాట్లాడాలో అడిగారు. ఆయనతో వాదించకండి, ఆయన శత్రువు కాదు, మనవడు రేపు ఎవరూ లేనప్పుడు ఎలా బతుకుతాడో అని ఆయనకి భయం. "మామయ్యగారూ, మీరన్నది నిజమే, వాడికి పనులు రావాలి, ఒక నెల మీ దగ్గర పెట్టుకుని మీరే నేర్పండి, కానీ నలుగురిలో నవ్వొద్దు, అది వాడు మర్చిపోలేకపోతున్నాడు" అని మీవారి చేతే ఫోన్‌లో చెప్పించండి, కొడుకు చెప్తే ఆ మాట వేరేగా వెళ్తుంది. ఉప్పెన గురించి వాడికి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పమనండి, పోలిక పెట్టకుండా. ఏడుపు ఆడపిల్లల లక్షణం అని ఎవరైనా అంటే మాత్రం వాడి ముందే మీరు ఖండించాలి, అది ఆ ఊళ్లో ఉప్పెన తర్వాత నిలబడి ఇళ్లు మళ్లీ కట్టుకున్న ఆడవాళ్లకి కూడా అవమానమే.

"నేను వేస్ట్" అన్న మాట ఒక్కసారి వచ్చి పోతే పర్లేదు. అదే మాట మళ్లీ మళ్లీ వస్తున్నా, రెండు వారాలకి మించి నిద్ర, తిండి తగ్గినా, ఇష్టమైన ఆటలు కూడా వదిలేసి గదిలోనే ఉంటున్నా, చచ్చిపోతే బాగుండు లాంటి మాట ఒక్కటి వినపడినా ఇక పెంపకం గురించి చర్చ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైమ్‌లో అయినా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. ఈ నంబర్‌తో పాటు పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా బాబుకి రాసివ్వండి, హాస్టల్‌కి వెళ్తే ఆ రెండూ వాడికి నోటికి వచ్చి ఉండాలి.

అడ్వాన్స్ కట్టేశాం కదా అని మాత్రం నిర్ణయం తీసుకోకండి. రసీదు వెనక రిఫండ్ గురించి ఏముందో చదివి, ఎంత వెనక్కి ఇస్తారో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి, మొత్తం పోయినా 25 వేల కోసం పిల్లాడి రెండేళ్లు పెట్టకూడదు. బాబుతో మీరిద్దరూ కూర్చుని మాట్లాడేదాకా ఇప్పటి స్కూల్లో టీసీకి అప్లై చెయ్యకండి, ఒకసారి తీసుకున్నాక ఆ సీటు ఉంటుందన్న గ్యారంటీ లేదు.